పెద్దవాళ్ల జ్ఞాపకాలు సేకరించి చెప్పడమే బతుకుతెరువు చేసుకోవచ్చా? గోదావరి జిల్లాల వాళ్లు చెప్పండి

ముమ్మిడివరం అమ్మాయి

అందరికీ నమస్కారమండి. బీఏ హిస్టరీ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఇంట్లో గ్రూప్-2కి కోచింగ్ తీసుకోమంటున్నారు. నాకేమో మన పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసి, వాటిని కథలుగా జనానికి చెప్పే పనే చేయాలని ఉంది.

ఈమధ్య తొమ్మిదో తరగతి పిల్లల్ని 1996 తుఫాను రాత్రి మీ ఇంట్లో ఏం జరిగిందో అడిగి రాసుకు రమ్మన్నాను. ఒక పిల్ల వాళ్ల నానమ్మ మాటలు తెచ్చింది. పైకప్పు లేచిపోతుంటే దూడకి కట్టిన తాడు విప్పి, దాంతో పిల్లల్ని గుంజకి కట్టేశారట. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లన్నీ పడిపోయి ఏ ఇల్లు ఎవరిదో పోల్చుకోలేకపోయారట. ఇది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆవిడ ఉన్నన్నాళ్లే ఉంటుంది.

దీనికి వేరే చదువుందా? జీతం ఎవరిస్తారు? స్టేజీ మీద కథ చెప్పడం, చరిత్ర పని రెండూ ఒకరే చేయగలరా? అమ్మానాన్నలకి చెప్పడానికి నాకు గట్టి జవాబు కావాలండి.

గౌతమి గట్టు

అమ్మా, ఈ పనికి పేరుంది, పద్ధతి ఉంది. ఇంట్లో మాట్లాడేటప్పుడు ముందు ఆ సంగతి చెప్పు. మనుషుల జ్ఞాపకాలను పద్ధతిగా రికార్డు చేసి భద్రపరచడం మౌఖిక చరిత్ర. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం 1948లోనే దీనికోసం ఒక విభాగం పెట్టింది. చరిత్రను క్లాసురూము దాటించి మ్యూజియానికి, రేడియోకి, ఊరి రచ్చబండకి తీసుకెళ్లే పనిని పబ్లిక్ హిస్టరీ అంటున్నారు. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1976లో దాన్ని కోర్సుగా మొదలుపెట్టింది. మన దేశంలో చూస్తే బెంగళూరు సృష్టి సంస్థలో పబ్లిక్ హిస్టరీ కేంద్రం, ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో సెంటర్ ఫర్ కమ్యూనిటీ నాలెడ్జ్ ఈ పని చేశాయి. ఓరల్ హిస్టరీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అని ఒక సంఘమూ ఉంది.

మన గడ్డకి ఇదేమీ కొత్త కాదు. 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టినవాళ్లు శాసనాలు, తాళపత్రాలు వెతుక్కుంటూ ఊళ్లు తిరిగారు. ద్రాక్షారామం గోడల మీది శాసనాలకి దక్కిన శ్రద్ధలో కొంతైనా కాలవల నీరు, తలుపులు చూసే లస్కర్లకి, పడవ నడిపే సరంగులకి, లేసు అల్లే ఆడవాళ్లకి దక్కాలి. ఆ పని ఇంకా మొదలే కాలేదంటాను.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. పుణెలో టాటాలకి, ముంబయిలో గోద్రెజ్ వాళ్లకి పాత కాగితాలు, రికార్డులు భద్రపరిచే సొంత ఆర్కైవులున్నాయి. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకీ ఆర్కైవ్స్ ఉంది. అలాంటి చోట్ల నెల జీతం ఉంటుంది. డెల్టాలో ఉండి చేయాలంటే నాలుగైదు వైపుల నుంచి డబ్బు కూడగట్టుకోవాలి. అది కుదురుతుంది, కానీ నిలదొక్కుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది.

చిడతలు

చెల్లీ, నేను కపిలేశ్వరపురం హరికథ పాఠశాలలో నేర్చుకున్నదాన్ని. స్టేజీ గురించి నేను చెప్తా.

కథ బట్టీ పట్టకు. కథలో మలుపులు మాత్రం గుర్తుపెట్టుకో. మలుపుకీ మలుపుకీ మధ్య మాటలు ఆ రోజు కూర్చున్న జనాన్ని బట్టి వస్తాయి. ముందు వరసలో పెద్దలు తల ఊపుతుంటే పొంగిపోకు, ఆఖరి వరసలో చంటిపిల్లతో కూర్చున్న ఆవిడ లేచి వెళ్తోందా ఉందా అన్నది చూడు. పిట్టకథ ఎక్కడ వెయ్యాలో తెలియాలి. జనం మనసు బరువెక్కాక వేస్తే ఊరట. ముందే వేస్తే కథ పలచబడిపోతుంది.

హరికథలో పాట, మాట, అడుగు మూడూ ఒక్క మనిషే. బుర్రకథలో ముగ్గురు, కథకుడు, అతని పక్కన వంత పాడే ఇద్దరు. ఒక వంత హాస్యం చెబితే ఇంకో వంత రాజకీయం చెబుతాడు. ఊళ్లో జరుగుతున్న సంగతి, సర్కారు సంగతి కథలో దూర్చడానికి మన పాతవాళ్లు చోటు ముందే ఉంచారు చూడు. నీ తుఫాను కథకి కూడా అక్కడ చోటుంది.

ఇక డబ్బు. శ్రీరామనవమికి, దసరాకి, కార్తీకానికి, ధనుర్మాసానికి పిలుపులుంటాయి. వానాకాలం ఖాళీ. దీని ఒక్కదాని మీదే ఇల్లు నడుపుతానంటే టెన్షన్ తప్పదు.

గౌతమి గట్టు

చిడతలు గారూ, చక్కగా చెప్పారు. ఒక్క చోట మాత్రం మీతో వాదం పెట్టుకుంటాను. పురాణం చెప్పేటప్పుడు సీతమ్మ ఏమనుకుందో మీరు అల్లి చెప్పొచ్చు, జనానికీ తెలుసు. తుఫాను రాత్రి నానమ్మ ఏమనుకుందో అల్లి చెప్పకూడదు. ఆవిడ చెప్పింది ఎంతవరకో, మన ఊహ ఎక్కడ మొదలైందో వినేవాడికి తెలియాలి.

ఉదాహరణకి 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభ. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి అప్పటికి పధ్నాలుగేళ్ల పిల్ల. ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారిని ఆపింది. ఆవిడే చెప్పుకున్న సంగతి ఇది. ఇంతవరకే ఎంత బాగుందో చూడండి. దీనికి నెహ్రూ గారి నోట నాలుగు డైలాగులు కలిపి చెప్పేవాళ్లని విన్నాను. ఆ కలిపినవే రేపు ఇంకొకరు చరిత్ర అని రాస్తారు.

చిడతలు

ఒప్పుకుంటానండి. పైగా నా అనుభవంలో, "ఇక్కడిదాకా ఆవిడ చెప్పింది, ఇక నేననుకుంటున్నది వినండి" అని చెప్పినంత మాత్రాన కథ చెడదు. జనం ఇంకొంచెం ముందుకు జరిగి వింటారు. చెల్లీ, ఆ ఒక్క వాక్యం గొంతు తగ్గించకుండా చెప్పడం అలవాటు చేసుకో.

పంటు రేవు

నమస్తే అండి. మా నాన్న ఎదుర్లంక, యానాం మధ్య పంటు, అంటే జనాన్ని రేవు దాటించే పెద్ద పడవ, నడిపే సరంగు. 2002లో బాలయోగి వారధి వచ్చాక ఆ పని పోయింది. చాలామంది వచ్చి ఆయన్ని మాట్లాడించారు కాబట్టి ఎలా అడగాలో, ఎలా అడక్కూడదో నాకు కొంచెం తెలుసు.

"అప్పట్లో ఎలా ఉండేదండీ?" అని అడిగితే మా నాన్న "బాగానే ఉండేది" అని ఊరుకుంటారు. ఒకాయన మాత్రం "ఆఖరి పంటు ఎన్నింటికి? అది తప్పిపోయినవాళ్లు రాత్రి ఎక్కడ పడుకునేవారు?" అని అడిగాడు. రెండు గంటలు ఆగకుండా చెప్పారు. రేవులో టీకొట్టు ఆవిడ బల్లలు వేసి పడుకోబెట్టేదని, పురిటి నొప్పులొచ్చిన మనిషిని పోటు మీద తీసుకెళ్లారని, పాటు వచ్చి నీరు తీసేసరికి ఇసుక మేట దగ్గర ఆగిపోయారని. ఇంట్లో మాకే ఎప్పుడూ చెప్పలేదు అవి.

ఇంకోటి, ఏ సంవత్సరం అని అడక్కండి. తెలియకపోయినా మర్యాదకి ఏదో ఒకటి చెప్పేస్తారు. "86 వరదకి ముందా, తర్వాతా?" అనండి. "91 పుష్కరాలకి మీకు పెళ్లయిందా? 2003 పుష్కరాలకి పెద్దబ్బాయి ఏం చదువుతున్నాడు?" అనండి. పన్నెండేళ్లకోసారి పుష్కరం వస్తుంది గనుక మనవాళ్లందరి జీవితాల్లో ఆ గుర్తులుంటాయి. మధ్యలో వరదలు, తుఫాన్లు. వాటిని పట్టుకుంటే తారీఖు దానంతటదే తేలుతుంది.

యానాం వైపు రండి, బోలెడు ఉన్నాయి. శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ ఇలాకాలో బాల్యవివాహాలు నేరమైతే, ఫ్రెంచి వాళ్ల యానాంలో ఆ చట్టం లేదని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇక్కడికొచ్చి పెళ్లిళ్లు చేసేవారు. యానాంకి కల్యాణపురం అన్న పేరు అందుకే వచ్చింది. మా అమ్మమ్మ పెళ్లి యానాంలో అయింది అనే ఇళ్లు కోనసీమలో ఇప్పటికీ దొరుకుతాయి. ఎందుకు అక్కడ అయిందో మనవళ్లకి తెలీదు.

ముమ్మిడివరం అమ్మాయి

పంటు రేవు అన్నయ్యా, ఇది చదివాక నా ప్రశ్నల కాగితం మొత్తం మళ్లీ రాయడానికి కూర్చున్నాను. చాలా థాంక్స్.

లెక్కల మాస్టారు

అమ్మాయీ, నేను రిటైర్డు టీచర్ని. అందరూ ఉత్సాహపరుస్తున్నారు, మంచిదే. మీ అమ్మానాన్నల వైపు నుంచి ఒక మాట. ఉన్న ఉద్యోగం వదలకు. స్కూలు టీచరుకి ఆదివారాలున్నాయి, వేసవి సెలవులున్నాయి, అన్నిటికన్నా పిల్లలున్నారు. ప్రతి పిల్ల వెనకా ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక ముసలమ్మో తాతో ఉంటారు. ఏ పరిశోధకుడికీ అన్ని గుమ్మాలు ఒకేసారి తెరుచుకోవు. నెలనెలా వచ్చే జీతం కాస్తయినా ఉంటేనే, పని నచ్చనివాళ్లు డబ్బిస్తామన్నప్పుడు కాదనగలవు.

గ్రూప్-2 రాస్తే రాయి. అది రాసినా, ఇది మానక్కర్లేదు.

కోటిలింగాల రేవు నడక

నేను రాజమండ్రిలో హెరిటేజ్ నడకలు నడుపుతున్నాను. డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో విప్పి చెబుతాను.

నడకల మీద వచ్చేది చిన్న మొత్తమే. స్కూళ్లు, కాలేజీలు పిలిచే వర్క్‌షాపుల మీద ఇంకొంచెం మెరుగు. నిజానికి నన్ను నిలబెట్టింది కుటుంబ చరిత్రలు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు మా తాతగారి చేత మాట్లాడించి పుస్తకంగా వేసి పెట్టండి అంటారు. కోనసీమలో, భీమవరం వైపు ఈ అవసరం బాగా ఉంది. వందేళ్లు నిండే గ్రంథాలయాలు, కాలేజీలు, సహకార సంఘాలు తమ చరిత్ర రాయించుకోవాలనుకుంటాయి. ఇంటర్వ్యూలు రాతలో పెట్టడం, అనువాదం కూడా పనే. గంట రికార్డింగు కాగితం మీదికి రావడానికి ఐదారు గంటలు పడుతుంది. కాబట్టి ధర చెప్పేటప్పుడు ఆ గంటలు లెక్కేసుకో, లేకపోతే నష్టపోతావు.

ఫెలోషిప్పులు చూడు. కేంద్ర సాంస్కృతిక శాఖ జూనియర్ ఫెలోషిప్ నెలకి 10,000, సీనియర్‌కి 20,000 చొప్పున రెండేళ్లు ఇస్తుంది. 25 నిండితే జూనియర్‌కి పెట్టుకోవచ్చు. బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ గ్రాంట్లున్నాయి, ప్రతిపాదన తెలుగులోనే పంపొచ్చు. పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా 2014 నుంచి పల్లె జీవితాల మీద పని చేస్తోంది, తెలుగులోనూ వేస్తుంది. దాన్ని చదువు, మనిషి దగ్గర కూర్చుని రాయడం అంటే ఏమిటో తెలుస్తుంది.

2027లో మళ్లీ పుష్కరాలు. రేవుల చరిత్ర తెలిసి, తెలుగులో చక్కగా చెప్పగలిగిన మనుషులు కావాలి అప్పటికి. ఇప్పటి నుంచి తయారైతే ఆ పని నీదవుతుంది.

ధవళేశ్వరం బ్యారేజీ

ధవళేశ్వరం కూడా కలుపుకోండి. కాటన్ మ్యూజియం ఉంది, జనం వస్తారు. కాటన్ దొర గారి కథ చెప్పినప్పుడల్లా మంచి స్పందన. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేయడం మామూలు విషయమా! గోదావరి స్నానం చేస్తూ కాటన్ పేరు తలుచుకునే శ్లోకం ఇప్పటికీ చదివేవాళ్లున్నారు.

లాకుల వీధి

కాటన్ గారి మీద మాకూ గౌరవమే. ఆయన విగ్రహం లేని ఊరు తక్కువ మన దగ్గర. కానీ ఆ రాళ్లు మోసింది ఎవరు? వేల మంది కూలీలు. ఆయనకి కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న గారి పేరైనా కొందరికి తెలుసు. కూలీల పేర్లు ఒక్కటీ జనం నోట లేవు. వాళ్లని ఇప్పుడు వెతికి పట్టుకోలేం, ఎవరూ మిగల్లేదు. కానీ ఆ ఆనకట్ట నీళ్లని నూట డెబ్భై ఏళ్లుగా పొలం దాకా తెస్తున్నవాళ్లు ఉన్నారు. లస్కర్లు. అర్ధరాత్రి తలుపులు ఎత్తింది వాళ్లు, గండి పడితే ముందు పరిగెత్తింది వాళ్లు, పై రైతుకీ కింది రైతుకీ నీటి తగాదా వస్తే మధ్యలో తిట్లు తిన్నదీ వాళ్లే. కాలవల్లో పడవలు నడిచిన రోజుల్లో లాకు దగ్గర నీరు నింపి, దించి పడవని దాటించింది వాళ్లే. ఆ పడవలు చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు.

అమ్మాయీ, అందరూ చెప్పే కథ పదకొండోసారి చెప్పకు. నీ ఊరి లాకు దగ్గరికి వెళ్లు.

తాళ్లరేవు

తుఫాను గురించి నాదో మాట. మా బంధువులు బలుసుతిప్ప, భైరవపాలెం వైపు వేటకెళ్లేవాళ్లు. 1996 నవంబరు 6 రాత్రి అక్కడ ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోయిందో అందరికీ తెలుసు. శవం కూడా దొరకని ఇళ్లు ఉన్నాయి. అలాంటి ఇంటికి వెళ్లి మొదటి రోజే మైకు పెట్టకండి.

ముందు ఉత్తచేతులతో వెళ్లండి. ఎవరి తాలూకు మనిషో, ఎందుకొచ్చారో చెప్పండి. రికార్డు చేస్తే అది ఎక్కడ ఉంటుంది, ఎవరు వింటారు, పేరు వేస్తారా మారుస్తారా అన్నీ చెప్పండి. వద్దంటే లేచి వచ్చేయండి. ఏడుపొస్తే మైకు ఆపండి. ఆపి ఫోను చూసుకోవడం కాదు, అక్కడే కూర్చోండి. మరునాడు ఇంకోసారి వెళ్లి ఎలా ఉన్నారో కనుక్కోండి. మా పిన్ని ఒకసారి చెప్పాక మూడు రాత్రులు నిద్రపోలేదు. అడిగినవాళ్లకి ఆ సంగతి తెలియనే తెలియదు.

నరసాపురం లేసు

తాళ్లరేవు గారి మాట చదివి నేనూ రాస్తున్నాను. మా అత్తగారు చిన్నప్పటి నుంచి లేసు అల్లారు. మా వీధిలో ఆడవాళ్లందరూ అంతే. వంట అయ్యాక అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా చేతిలో కొక్కెం కదులుతూనే ఉంటుంది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అల్లినవాళ్లకి దారపు ఉండకి ఎంత ముట్టిందన్నది మాత్రం మా అత్తగారి నోట వినాలి.

ఒక సంస్థ వాళ్లు వచ్చి ఆవిడ చేత రెండు పూటలు మాట్లాడించారు. పాటలు కూడా పాడించారు. వీడియో తీశారు. పంపిస్తామన్నారు. పంపలేదు. ఫోను చేస్తే పెద్ద సారుని అడగాలన్నారు. ఆవిడ పోయి రెండేళ్లు. ఆ గొంతు ఎక్కడో ఒక హార్డ్‌డిస్కులో ఉంది, మా ఇంట్లో లేదు. మా పాప నానమ్మ గొంతు ఎలా ఉండేదని అడుగుతుంది.

అమ్మాయీ, నువ్వు ఎంత పెద్దదానివైనా అవ్వు, రికార్డు చేసిన వారం లోపు ఆ ఇంటికి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి రా. అంతకన్నా నేను అడిగేది లేదు.

గౌతమి గట్టు

అమ్మా, మీ పోస్టు చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. వాళ్లకి రాతపూర్వకంగా అడగండి. పాటలు పాడారు కనుక కాపీరైటు చట్టం కింద ఆవిడకి ప్రదర్శకుల హక్కు ఉంటుంది, అది యాభై ఏళ్లు నిలుస్తుంది. ఆ మాట ఉత్తరంలో పెట్టండి. ఉత్తరం రాయడానికి నేను సాయం చేస్తాను.

ముమ్మిడివరం అమ్మాయీ, నీ మొదటి ప్రశ్నకి నా అసలు జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఈ పనిలో నీ పేరు నిలబెట్టేది డిగ్రీ కన్నా, స్టేజీ కన్నా, తీసుకున్నది తిరిగి ఇచ్చావా లేదా అన్నదే. ఒక ఇంటికి ఇస్తే పక్కింటి వాళ్లు పిలుస్తారు. ఇవ్వకపోతే ఆ వీధిలో తర్వాత వచ్చే ఎవరికీ తలుపు తీయరు.

సాంకేతికంగా పెద్ద ఖర్చేమీ లేదు. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఒక కాలర్ మైకు కొనుక్కో. ఫ్యాను ఆపించు. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లు, ఉక్కపోతలో పెద్దవాళ్లని కూర్చోబెట్టకు. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా రికార్డు చెయ్యి, గంటకి సుమారు 1 జీబీ అవుతుంది. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఫైలు పేరులో తేదీ, ఊరు ఉండాలి. అంగీకార పత్రం తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒక్క పేజీ. చదవలేనివాళ్లకి చదివి వినిపించి, వాళ్లు సరేనన్న మాట రికార్డింగులోనే ఉంచు. తర్వాత మనసు మార్చుకుంటే తీసేస్తామని అందులో రాసి ఉండాలి. రాతలో పెట్టేటప్పుడు వాళ్ల యాసని దిద్దకు.

కోటిలింగాల రేవు నడక

ఒక చిన్న చేర్పు. తిరిగివ్వడం అంటే పెన్‌డ్రైవే కానక్కర్లేదు. కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడండి. కనుమ రోజు పదకొండు ఊళ్ల రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి వెదురుతో ఎత్తుగా కట్టేవి, అక్కడికి చేరతాయి. గంగలకుర్రు వైపు ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని కాలవలో దిగి దాటిస్తారు. పది కెమెరాలు పైనుంచి తీస్తాయి, ప్రభ కట్టిన చేతులు ఒక్కదాంట్లోనూ కనిపించవు. వెదురు ఎవరు తెచ్చారు, కాలవలో ముందు ఎవరు దిగాలి, ఆ వరస ఎలా వచ్చింది అన్నవి రికార్డు చేసి, పండగ ముందు రోజు ఆ ఊళ్లోనే మైకులో వినిపిస్తే? అది ఆ ఊరికి ఇచ్చినట్టే. పంచాయతీయో దేవస్థానమో అలాంటి దానికి డబ్బు పెట్టే వీలు కూడా ఉంది.

ముమ్మిడివరం అమ్మాయి

అందరివీ రెండేసి సార్లు చదివాను. నిన్న రాత్రి అమ్మకి నరసాపురం అక్క రాసింది చదివి వినిపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ తాతమ్మది కూడా రికార్డు చేయాల్సింది" అంది.

ఇప్పుడు అనుకుంటున్నది చెబుతాను, సరిగ్గా లేకపోతే దిద్దండి. స్కూలు మానను. ఈ ఏడాది ఒకే విషయం తీసుకుంటాను, మా చుట్టుపక్కల కాలవలు, లాకులు, లస్కర్లు. పిల్లల చేత ఇళ్లలో అడిగించి, ఎవరు చెప్పడానికి ఇష్టపడుతున్నారో తెలిశాకే వెళ్తాను. తుఫాను జోలికి ఇప్పుడే వెళ్లను, తాళ్లరేవు గారు చెప్పినంత ఓపిక నాకు రావాలి ముందు. రికార్డు చేసినవి ఇళ్లకి ఇచ్చాక, వాళ్లు ఒప్పుకున్నవి స్కూలు వార్షికోత్సవంలో కథగా చెబుతాను. చిడతలు అక్కా, అప్పుడు నాకు ఓ వారం నేర్పుతారా? జూనియర్ ఫెలోషిప్ నోటిఫికేషన్ వచ్చేసరికి చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఒక్క చిక్కు ఉంది. మా వైపు లస్కరుగా చేసి రిటైరైనవాళ్లు ఎవరూ నాకు తెలీదు.

చిడతలు

వారం ఏం సరిపోతుంది చెల్లీ, వానాకాలం అంతా ఖాళీగానే ఉంటాను. రా. గజ్జె కట్టక్కర్లేదు, గొంతు సంగతి మాత్రం చూద్దాం.

లెక్కల మాస్టారు

ఫెలోషిప్పుకి దరఖాస్తు పెట్టేముందు బడ్జెట్ నాకు చూపించు. ప్రయాణ ఖర్చులు, రాతపని గంటలు వదిలేసి వేస్తారు చాలామంది.

లాకుల వీధి

మా మావయ్య ముప్పై ఏళ్లు పైగా లస్కరుగా చేశారు, ఇప్పుడు ఎనభై రెండు. కాలవలో ధాన్యం పడవలు పోవడం చూసినాయనే. చెవి కొంచెం మందం, కుడివైపు కూర్చుని మాట్లాడాలి. నాకు మెసేజ్ పెట్టమ్మా, ఊరి పేరు చెబుతాను. ఆదివారమైతే పొద్దున్న చర్చికి వెళ్తారు, సాయంత్రం నాలుగు దాటాక రా. మొదటిసారి మైకు తీసుకురాకు, అత్తయ్యకి కూడా పరిచయం అవ్వాలి.